విజిలు లేకుంటే బయటికి

టీచరమ్మను ఇంటి ముందర బెంచీ మీద పండబెట్టినారు. హోసూరు పక్కన మూకండపల్లిలో వాళ్ళ తమ్ముడి ఇల్లు అది. సందు చాలా ఇరుకు. ఆ పక్కా ఈ పక్కా ఎత్తైన మిద్దెలు, వాటి నిండా ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లోళ్ళు బాడుగకు ఉంటారు. నేను పూలమాల పట్టుకొని పోయినాను. పోయి, ఆమె ముఖం చూసేదానికి ముందు తల ఎత్తి పైన ఏముందో చూసినాను. పక్క మిద్దె పిట్టగోడ మీద తులసి కుండీ ఉండాది, సరిగ్గా ఆమె తలకు పైన. ఎవురికైనా చెప్పి బెంచీని రవ్వంత ఇవతలికి జరిపిద్దామా అనుకున్నాను. మళ్ళీ నాకే సిగ్గేసింది. పోయిన మనిషి మీద కుండీ పడితే ఏమి, పడకుంటే ఏమి.

ఆ అలవాటు నాది కాదు, ఆమెది. నాకు అంటించి పోయింది.

ఆమె తమ్ముడి పెండ్లాం వచ్చినోళ్ళందరికీ ఒకటే మాట చెప్పి ఏడుస్తా ఉండె. గడప మీద కూర్చోవద్దు వదినా అంటే వినేదే కాదంట. పొద్దున లేస్తే గడప మీదే, సాయంత్రం అయినా గడప మీదే. లోపల కుర్చీ వేస్తే రాదు, బయట అరుగు మీద కూర్చోమంటే పోదు. గడప అంటే లక్ష్మి కాలు పెట్టే తావు, ఆడ కూర్చుంటే ఇంటికి అరిష్టమని ఎంత మొత్తుకున్నా చెవిన వేసుకోలేదంట. వచ్చిన ఆడోళ్ళు అవునవునని తల ఊపినారు. నేను ఊపలేదు. ఆమె గడప మీద ఎందుకు కూర్చునేదో ఆ సందులో నాకు తప్ప ఇంకెవురికీ తెలీదు. తెలిసిన నేను మాత్రం చేసిందేముంది.

నేను ఆమెను మొదట చూసింది తొంబైల చివర్లో, నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు. శూళగిరి దాటినాక పెద్ద రోడ్డు వదిలి లోపలికి పోతే గుట్ట వారగా ఒక పల్లె. ఆడ తెలుగు బడి, ఒకే గది, ఇద్దరు టీచర్లు. పెద్ద టీచరు ఆమె, చిన్న టీచరు నేను. హోసూరులో పుట్టి పెరిగినదాన్ని, బస్సు దిగి అంత దూరం నడిచి, చెప్పుల్లో ఇసుక పోసుకొని, ముఖం కందగడ్డ చేసుకొని లోపలికి పోయినాను. ఆమె నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆడ కూర్చోవద్దు, పైన బండ నడుమ పగిలుండాది, ఈడికి రా అనింది. ఈమెకు కొంచెం తిక్క ఉన్నట్లుందే, నా గతి ఇంతేనా అనుకున్నాను.

క్రిష్ణగిరి పక్క పల్లెల్లో ఇండ్లు చూసినోళ్ళకు ఆ బడి గురించి చెప్పాల్సిన పనే లేదు. ఆ సీమలో మట్టి కంటే రాయి చవక. నిలువుగా బండలు పాతితే గోడలు, అడ్డంగా బండలు పరిస్తే కప్పు. ఎండాకాలం చల్లగా ఉంటుంది, తరాల పాటు ఉంటుంది. ఊరంతా ఆ బండల కిందనే పుట్టి, ఆ బండల కిందనే పండుకొని లేస్తా ఉండె. వాళ్ళెవురూ పైకి చూసి భయపడింది లేదు. ఈమె ఒక్కతే చూసేది.

ఎవురింటికి పోయినా ముందు కప్పు చూసేది, తర్వాతే మనుషుల్ని పలకరించేది. పెండ్లి భోజనాల్లో వాకిలి పక్కన చోటు దొరికేదాకా నిలబడే ఉండేది, మొదటి పంక్తి పోయినా సరే. బస్సులో డ్రైవరు వెనక సీటు, దిగే మెట్టుకు దగ్గర. ఇస్కూలు తలుపును రెండు పక్కలా తాళ్ళతో లాగి గూటాలకు కట్టేసింది, గాలికి కూడా మూసుకోకుండా. మేకపిల్లలు లోపలికొచ్చి పలకల మీది బలపాలు నమిలినా ఆ తాళ్ళు విప్పనిచ్చేది కాదు. బల్ల మీద స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పెట్టుకొని, లెక్కలు చెప్తా చెప్తా దాని వైపు చూసేది. తాగేదానికి కాదు. నీళ్ళు కదుల్తాయేమో చూసేదానికి.

మనిషి భారీ మనిషి. మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేచేదానికి ఇద్దరు పిల్లకాయలు చేతులు పట్టి లాగాల. కండక్టరుతో కన్నడంలో బేరం చేసేది, ఆఫీసర్లతో అరవంలో అణకువగా మాట్లాడేది, తిట్టేదానికి మాత్రం తెలుగే వాడేది. ఒక మాట ఆమె నోట్లో ఎప్పుడూ నానుతా ఉండేది. పిల్లకాయలు అల్లరి చేసినా ఆ మాటే, ఎక్కాలు అప్పజెప్పకపోయినా ఆ మాటే, ముక్కు తుడుచుకోకపోయినా ఆ మాటే.

"చెప్పిన మాట వినేవాళ్ళే బతికేది."

ఇంత భయం యాడ నుంచి వచ్చిందక్కా అని ఒకసారి అడిగినాను. ఆమె మొగుడు లారీ డ్రైవరంట. మహారాష్ట్రలో భూకంపం వచ్చిన ఏడు, సాయం సామాన్లు ఎత్తుకొని ఆ పక్క పోయినాడంట. ఆడ ఇండ్లు కూడా రాళ్ళతో కట్టినవేనంట. బండల కింద నుంచి మనుషుల్ని తీస్తా ఉంటే చూసి వచ్చినాడు. వచ్చినప్పటి నుంచి ఇంట్లో పండుకోలేదు, వానొచ్చినా లారీ క్యాబిన్‌లోనే. భూమి ఎవురినీ చంపలేదు, మనం పైన పెట్టుకున్న బండలు చంపినాయి అనేవాడంట. తర్వాత ఏదో రోగమొచ్చి పోయినాడు. ఆయన మాట ఈమెకు ఆస్తి మాదిరి మిగిలింది, బిడ్డల్లేరు గదా.

అయినా అది ఆమె ఒంటి మీది భయంగానే ఉండేది, గుజరాత్‌లో భూకంపం వచ్చేదాకా. ఆ పొద్దు జనవరి ఇరవైయారు. జెండా ఎగరేసి, పిల్లకాయలకు చాక్లెట్లు పంచి, రవికెలకు కాగితం జెండాలు గుచ్చుకొని బస్సు కోసం మెయిన్ రోడ్డుకు పోయినాము. టీ అంగట్లో టీవీ పెట్టినారు. ఆడ, ఏదో ఊర్లో, ఇట్లనే జెండాలు పట్టుకొని వీధిలో పోతా ఉండిన ఇస్కూలు పిల్లకాయల మీద రెండు పక్కలా ఇండ్లు కూలినాయంట. ఆమె టీ గ్లాసు కింద పెట్టేసింది. రవికెకు గుచ్చుకున్న జెండాను తీసి చేతిలో పెట్టుకొని, బస్సు వచ్చినా ఎక్కలేదు. వీధి అంటే బయట కాదు, బయలు అంటేనే బయట అని తనలో తానే అనుకుంటా ఉండె.

మరుసటి రోజు నుంచి బడిలో కొత్త పాఠం మొదలైంది. ఆ ఊరి పిల్లకాయలంతా మేకలోళ్ళ బిడ్డలు. వాళ్ళకు భూకంపం అంటే ఏం తెలుస్తుంది. మందను దొడ్డిలో నుంచి తోలేది మాత్రం బాగా తెలుసు. ముందు గంట మేక పోతుంది, దాని వెనక మంద పోతుంది, తోసుకోవు, వెనక్కి తిరగవు. టీచరమ్మ ఆ ఆటే ఆడించింది. ఒక బిడ్డ మెళ్ళో గంట కట్టేది. మిగిలినోళ్ళంతా ముడులేసిన పగ్గం పట్టుకునేది, చిన్నోళ్ళు ముందు, పెద్దోళ్ళు వెనక. ఆమె బల్లను రెండు చేతులతో దడదడ ఊపితే భూమి కదిలినట్లు లెక్క. గంట బిడ్డ లేచి వాకిలి దాటి, బడికి ఎదురుగా ఉండే, రాగులు నూర్చే కళ్లం నట్టనడుమకు పోయి కూర్చోవాల. మిగిలినోళ్ళు పగ్గం వదలకుండా పోవాల.

మొదట్లో ఆ తమాషా చూడాల. పగ్గం మెలికలు పడేది, ఒకడు పడితే వాని మీద ఇంకొకడు పడేవాడు, ఒకడికి అప్పుడే ఒంటేలుకు వచ్చేది. నిజం మేకలు గంట చప్పుడుకు తమను పిలిచినారనుకొని వెంట పడేవి. నేను కడుపు పట్టుకొని నవ్వినాను. ఊరోళ్ళు ఆమెకు భూకంపమ్మ అని పేరు పెట్టినారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ముఖం మీదే అనేవాళ్ళు.

వాళ్ళు నవ్వేదానికి ఇంకొక కారణం కూడా ఉన్నింది. గుట్ట మీద గ్రానైట్ క్వారీ ఉండాది. మధ్యాన్నం అన్నం పొద్దుకు ఆడ బండకు మందు పెట్టి పేలుస్తారు. దానికి ముందు ఒకాయన ఎర్రగుడ్డ పట్టుకొని గుట్ట వార నడుస్తా విజిలు ఊదుతాడు. విజిలు వినపడితే ఊరంతా ఇండ్లలోకి పోవాల. కళ్లంలో రాగులు చెరిగే ఆడోళ్ళు చేట ఆడే పడేసి పోతారు, దూడల్ని పంచలోకి లాగుతారు. నడక రాని బిడ్డ విజిలు విని దోగాడుకుంటా గడప లోపలికి వచ్చేది నేను కండ్లారా చూసినాను. తర్వాత భూమి అదురుతుంది, పొయ్యి మీద చట్లు కదుల్తాయి, కప్పు మీద రాళ్ళు టపటప పడతాయి. ఎక్కువగా గులకరాళ్ళే, ఒక్కోసారి పెద్దవి. బండల కప్పు ఉండబట్టే మేము బతికుండాము అనేది ఆ ఊరి నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదు. ఆకాశం నుంచి రాళ్ళు పడే ఊర్లో బిడ్డల్ని బయటికి పొమ్మని నేర్పించే దాన్ని నిన్నే చూసినానమ్మా అని ఒక ముసలాయన ఆమెతో అంటే నాకు న్యాయంగానే అనిపించింది.

ఆమెకు మాత్రం అది పట్టలేదు. పట్టేట్లు చేసింది మునెమ్మ. ఒకటో క్లాసు, మేకలు కాసే ఇంటి బిడ్డ. నూనె పెట్టి బిగించి వేసిన జడ, ఎప్పుడూ నోట్లో జడ కొన. మాట చాలా తక్కువ. ఒకరోజు బయటికి పోయే ఆట అయినాక కళ్లంలో కూర్చొని అడిగింది. విజిలు ఊదితే లోపలికి రమ్మంటుంది మా అమ్మ. భూమి కదిలితే బయటికి పొమ్మంటావు నువ్వు. విజిలు ఊదినాక కూడా భూమి కదుల్తుంది గదా టీచరమ్మా, అప్పుడెట్ల?

టీచరమ్మ ఆ బిడ్డను చూసిన చూపు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఇన్నాళ్ళు చెవిటివాని ముందర శంఖం ఊదినాను, ఇదిగో ఒకరికి వినపడింది అన్నట్లు చూసింది. ఆ పొద్దంతా పాఠం చెప్పలేదు. మరుసటి రోజు పొద్దున్నే, ప్రార్థన కాకముందే పిల్లకాయల్ని నిలబెట్టి చెప్పింది.

"విజిలు ఉంటే లోపలికి. విజిలు లేకుంటే బయటికి."

అంతే. ఇంత చిన్న మాట ఇన్నాళ్ళు నాకెందుకు తట్టలేదని మురిసిపోయింది. అది అడిగినందుకు మునెమ్మకే గంట కట్టింది. అంతకు ముందు గంటకు వంతులు మారేవి గానీ, అప్పటి నుంచి గంట మునెమ్మ మెళ్ళోనే ఉండిపోయింది. ఆ గంట కూడా వాళ్ళింటి మేకదే. పిల్లకాయలు ఆ మాటను ఎక్కం మాదిరి వల్లె వేసినారు. ఇండ్లకు పోయి అమ్మలకు చెప్పినారు. అమ్మలకు కూడా అది సబబుగానే తోచింది. ఊరోళ్ళు నవ్వేది తగ్గించినారు. నేను కూడా నవ్వేది మానేసి పగ్గం చివర పట్టుకున్నాను.

ఒకసారి విద్యాశాఖ ఆఫీసరు వచ్చినాడు. కప్పు బండలు తీసేసి రేకులైనా వేయించండి సార్ అని ఆమె అర్జీ మీద అర్జీ పెట్టింటే, అది చూసేదానికి. ఆయన గోడను తట్టి చూసి, ఈ జిల్లా కింద ఉండేది గట్టి బండ, దేశమంతా కదిలినా మీ ఊరు కదలదమ్మా, పిల్లలకు లెక్కలు నేర్పించండి అన్నాడు. సరే సార్ అని అరవంలో అణకువగా చెప్పి, టీ ఇప్పించి, జీపు ఎక్కించి వచ్చింది. జీపు మలుపు తిరిగినాక తెలుగులో ఆమె అన్న మాట ఈడ రాసేది కాదు.

ఆ ఏడు క్వారీ వాళ్ళు గుట్టకు అవతలి పక్క కొత్త గుంత తెరిచినారు. విజిలు ఊదే ముసలాయన మానుకొని కొడుకు దగ్గరికి పోయినాడు, ఆయన తావులో ఎవురో కొత్తవాడు వచ్చినాడు. ఇవన్నీ మాకు తర్వాత తెలిసినాయి. ఆ పొద్దు మాకు తెలిసింది ఒక్కటే. పొద్దున పూట, ఇంకా అన్నం పొద్దు కాలేదు, టీచరమ్మ బోర్డు మీద కూడికలు వేస్తా ఉండె. బల్ల మీది గ్లాసులో నీళ్ళు ఒలికినాయి. భూమి అదిరింది. విజిలు వినపడలేదు.

ఎవురూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనే లేకపోయింది. మునెమ్మ జడ కొన నోట్లో నుంచి తీసేసి లేచింది. గంట మోగింది. పిల్లకాయలు పగ్గం పట్టుకున్నారు. ఒక్కడు ఏడవలేదు, ఒక్కడు తోసుకోలేదు, ఒక్కడు వెనక్కి తిరగలేదు. ఇన్నాళ్ళ ఆటలో ఒక్కరోజు కూడా అంత చక్కగా పోలేదు. చివర నేను, నా వెనక మోకాళ్ళు పట్టుకొని ఆమె. వాకిట్లో నేను వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసినాను. నవ్వుతా ఉండె. నా బిడ్డలు బయటపడినారు అనే నవ్వు. ఆ నవ్వు నేను చూడకుండా ఉండాల్సింది.

రాళ్ళు పడినాయి. ఎక్కువ కళ్లానికి అవతల పడినాయి. ఒకటి మాత్రం కళ్లం నట్టనడుమ పడింది. అందరికంటే ముందు పోయి, చెప్పిన తావులో, చెప్పినట్లు కూర్చోనుండింది మునెమ్మ.

దాని గురించి ఇంకేం చెప్పను. ఆటోలో వేసుకొని పోతే శూళగిరి ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

తర్వాత మనుషులు వచ్చినారు. విజిలు ఊదినాము అని క్వారీ వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. ఊదినారనే అనుకుంటాను నేను, కొత్త గుంత పక్కన, గుట్టకు అవతల. మా చెవుల దాకా రాలేదు, అంతే. పోలీసాయన ఊరోళ్ళందరి ముందర టీచరమ్మను అడిగినాడు, చప్పుడు అయితే లోపలుండాల్సిన పిల్లల్ని బయటికి ఎందుకు తోలినావమ్మా అని. భూకంపం అనుకున్నాము సార్ అనింది. ఈడ యాడమ్మా భూకంపం అని ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. ఆయన నవ్వలేదు, పాపం. నవ్వింటే ఆమె తిట్టేదానికైనా ఒక మనిషి దొరికేవాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అని ఊరోళ్ళు అనుకున్నారు. లోపలే ఉండింటే మునెమ్మ బతికేది. ఆ మాట అందరూ అన్నారు. అది నిజం కాబట్టి ఎవురినీ కాదనలేకపోయినాము. కేసు యాడికో పోయింది. క్వారీ కొన్నాళ్ళు ఆగి మళ్ళీ నడిచింది.

కర్మకాండలు అయినాక మునెమ్మ అమ్మ బడికి వచ్చింది. మేకలు వెంట ఉండాయి, వాటిని గుట్ట పక్కకు తోలుకొని పోతా వచ్చినట్లుంది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది. టీచరమ్మ లేచి నిలబడేదానికి చేతులు చాపింది గానీ లాగేదానికి పిల్లకాయలు రాలేదు, భయపడి నన్ను చూసినారు. కొంగు నడుముకు దోపుకొని తిడుతుందేమో, మన్ను పోస్తుందేమో అనుకున్నాను. తిట్టింటే బాగుండేది. ఆమె మెల్లగా అడిగింది.

"నా బిడ్డ తప్పేమీ చేయలేదు గదా టీచరమ్మా?"

"లేదమ్మా."

"నువ్వు చెప్పినట్లే చేసింది గదా?"

"నేను చెప్పినట్లే చేసిందమ్మా."

"అంతే. అది తెలుసుకుందామనే వచ్చినాను."

మేకల్ని అదిలించుకుంటా పోయింది. టీచరమ్మ ఆ పొద్దు సాయంత్రం దాకా కుర్చీలో నుంచి లేవలేదు. ఇంటికి పోదాం రాక్కా అంటే నన్ను చూసి, దాని మెళ్ళో గంట కట్టింది నేనే గదా అనింది. ఆమె ఏడవలేదు, నాకే ఏడుపు ఆగలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ విజిలు వినపడింది, ఈసారి గట్టిగానే, బడి పక్కనే నిలబడి ఊదినారు. పిల్లకాయలు లోపలే ఉండారు, అట్లనే కూర్చోవాల. కూర్చోలేదు. అందరూ లేచి నిలబడి టీచరమ్మ ముఖం చూసినారు. లోపలా, బయటా అని అడిగేట్లు చూసినారు. ఆమె నోరు తెరిచింది. చేతిలో బలపం పట్టుకొని, నోరు తెరుచుకొని, అన్ని కండ్ల ముందర నిలబడి ఉండె. ఈడే కూర్చోండి అని నేను అరిచినాను. వాళ్ళు కూర్చున్నారు గానీ నన్ను నమ్మి కాదు. కప్పు మీద రాళ్ళు పడినంతసేపూ ఆమె కప్పును చూస్తా ఉండె, వాళ్ళు ఆమెను చూస్తా ఉండారు.

ఆ వారంలోనే తలుపుకు కట్టిన తాళ్ళు విప్పేసింది. స్టీలు గ్లాసు ఇంటికి తీసుకొని పోయింది. ఇంకా సర్వీసు ఉన్నా ఉద్యోగం వదిలేసి మూకండపల్లిలో తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. నేను ఆ బడిలోనే ఉండిపోయినాను కొన్నేండ్లు. భూకంపం పాఠం మళ్ళీ ఎవురూ ఎత్తలేదు. బండలు అట్లనే ఉండాయి పైన, నడుమ పగిలిన బండతో సహా. గుట్ట మాత్రం సగం అయిపోయింది.

హోసూరుకు బదిలీ అయినాక ఆమెను చూసేదానికి ఒకసారి పోయినాను. అప్పటికే సునామీ వచ్చిపోయింది, ఇస్కూళ్ళలో భూమి కదిలితే ఏం చేయాల అనేదంతా నేర్పించేది మొదలైంది. గడప మీద కూర్చోనుండింది. వీపు ద్వారబంధం ఒక పక్కకు, పాదాలు ఇంకొక పక్కకు ఆనించి, ఇంటికి అడ్డంగా. లోపలికి పోయేవాళ్ళు ఆమెను దాటుకొని పోవాల. చిక్కిపోయింది. పోయినాను గదా, ముందు కప్పు చూసినాను. ఆమె అది గమనించింది గానీ నవ్వలేదు. ఆమె పక్కన నేల మీద కూర్చొని ఏవేవో మాట్లాడినాను, బదిలీ గురించి, బస్సుల గురించి. ఊఁ కొడతా ఉండె. లోపలికి రా అక్కా, కాళ్ళు చాపుకొని కూర్చో అన్నాను. లోపల భయంగా ఉంటుంది అనింది. అయితే బయట అరుగు మీద కూర్చుందాము రా అన్నాను. బయట కూడా భయంగా ఉంటుంది అనింది.

అప్పుడే సందు చివర గ్రానైట్ బండలు వేసుకున్న పెద్ద లారీ పోయింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, ఇల్లంతా అదిరింది. తమ్ముడి మనమరాలు, ఇంగ్లీషు మీడియంలో ఒకటో క్లాసు, లోపల బొమ్మలేసుకుంటా ఉండిన పాప, గబుక్కున మంచం కిందికి దూరి, రెండు చేతులు తల మీద పెట్టుకొని ముడుచుకొని కూర్చుంది. లారీ పోయినాక తల బయటికి పెట్టి అవ్వను చూసింది.

"చూసినావా అవ్వా? కదిలితే ఇట్ల దూరాలంట. మా మిస్సు చెప్పింది. క్లాసులో అందరికంటే ముందు దూరేది నేనే. నాకు స్టార్ పెట్టినారు."

టీచరమ్మ రెండు చేతులూ చాపి పాపను దగ్గరికి పిలుచుకుంది. జుట్టు సవరించింది.

"మీ మిస్సు చెప్పినట్లే చేస్తావా నువ్వు?"

"ఎప్పుడూ చేస్తాను."

"వద్దు నాయనా. చెప్పిన మాట వినొద్దు. ఎవురు చెప్పినా వినొద్దు."

పాప అవ్వ గడ్డం పట్టుకొని అడిగింది.

"అయితే నువ్వు చెప్పింది కూడా వినొద్దా అవ్వా?"

"నేను చెప్పింది అసలే వినొద్దు."

పాపకు అది ఆటయిపోయింది. కిలకిలా నవ్వి, చేయి విడిపించుకొని మళ్ళీ మంచం కిందికి దూరింది. టీచరమ్మ గడప మీద నుంచి తల ఎత్తి, ఆ మంచానికి పైన ఉండే కప్పును చూస్తా ఉండిపోయింది.